బోటులో ఎవరెక్కడ కూర్చోవాలి

కొత్తగా బోటు పనిలోకి వచ్చే కుర్రాళ్లు నా దగ్గరకొచ్చి మొదట అడిగేది ఇంజను గురించే. ఎంత స్పీడు పోతుంది, మలుపు ఎలా కొట్టాలి, ఇవీ వాళ్ల ప్రశ్నలు. నాయనా, ముందు మనుషుల్ని కూర్చోబెట్టడం నేర్చుకో అంటాను నేను. నడపడానికేముంది, ఆటో తోలేవాడికి కూడా కొన్నాళ్లకి పట్టుబడుతుంది. ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియడానికే నాకు సగం సర్వీసు పట్టింది. ముసలాడు ఏదో చాదస్తం చెప్తున్నాడని వాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. నేను కూడా నవ్వినవాణ్ణే.

నా పేరు ఏసోబు. పుట్టింది కె.కోటపాడు దగ్గర పల్లెలో, రిటైరై ఉంటున్నది చోడవరంలో. పని చేసిందంతా నీళ్ల మీదే. మొదట విశాఖ హార్బరులో చేపల బోట్ల మీద, ఆ తర్వాత బీచిలో షికారు బోట్ల మీద, ఆఖరున రావికమతం వైపు రిజర్వాయరు దగ్గర ఒక ప్రైవేటు బోటింగు పాయింటులో. ఆదివారం వస్తే మాకు ఊపిరాడేది కాదు, అందుచేత గుడికి సరిగా వెళ్లలేదు. మా పాస్టరు గారు పెద్దమనసున్న మనిషి కాబట్టి సరిపోయింది. ఆ పనిలో నిజంగా ఏముంటుందో మీకు చెప్దామనే ఇది రాస్తున్నాను. జీతాల గొడవలూ లైసెన్సు కాగితాలూ ఇందులో లేవు.

సరంగు మాట

నా మొదటి గురువు హార్బరులో ఎర్రయ్య సరంగు. బోటుకి పెద్ద తలకాయని మేం సరంగు అంటాం. నోరు మంచిది కాదు, చెయ్యి అంతకన్నా మంచిది కాదు. కానీ బోటు కదిలే ముందు ఆయన ఒక పని చేసేవాడు. కళ్లు మూసుకుని డెక్కు మధ్యలో నిలబడేవాడు. ఐసు ఏ వైపు ఎక్కువుందో, డీజిలు డ్రమ్ము ఎవడు ఎక్కడ పెట్టాడో అరికాళ్లతో చెప్పేవాడు. "బరువెక్కడుందో తెలీనోడు సుక్కాని ముట్టుకోకూడదురా" అనేవాడు. ఆ మాటకి అర్థం నాకప్పుడు తెలియలేదు. చుక్కాని ముట్టుకోవాలన్న తొందర ఒక్కటే ఉండేది.

చేపల బోటులో బరువు తిన్నగా ఉంటే చాలు. ప్రాణాలతో ఇంటికొస్తాం. రిజర్వాయరు దగ్గరకొచ్చాక నాకు ఇంకో విద్య పట్టుకుంది. బరువుతో అల చెయ్యాలి.

బెల్లం బోటు

మా ఓనరు స్కీ బోటు ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాడు. తెల్లగా, సన్నగా, చూడముచ్చటగా ఉండేది. స్కీ బోటు అంటే వెనకాల తాడు పట్టుకుని మనిషి నీళ్ల మీద జారడానికి చేసిన బోటు. దాని వెనక అల చాలా చిన్నగా లేస్తుంది, స్కీ వాళ్లకి కావలసిందీ అదే. కానీ మా దగ్గరకొచ్చే పిల్లలకి కావలసింది వేక్‌బోర్డింగు. కాళ్లకి ఒకే పలక బిగించుకుని, బోటు లేపిన అల మీదికెక్కి, అక్కణ్ణించి గాలిలోకి ఎగరాలి. అల లేకపోతే ఎగరడానికేముంది?

కాబట్టి బోటుకి బరువెయ్యాలి. బరువు వేస్తే బోటు నీళ్లలో లోతుగా కూర్చుంటుంది, వెనక అల పెద్దదవుతుంది. లెక్క ఇంతే. కానీ ఏ బరువు వెయ్యాలన్నది అనుభవం మీద తెలిసింది.

ముందు ఇసుక బస్తాలు వేశాం. తడిసిన ఇసుక గోనెలోంచి కారి, అడుగున నీళ్లు తోడే పంపు గొంతులో పడింది. పంపు పోయింది. ఇసుక నాకొద్దు బాబూ అని దణ్ణం పెట్టేశాను. అప్పుడు మా ఓనరుకి ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది. ఆయనకి వడ్డాది దగ్గర చెరుకు తోటలూ, బెల్లం వండే గానుగా ఉన్నాయి. ఆ ఏడు పాకం మాడి నల్లబడిన బెల్లం దిమ్మలు అమ్ముడుపోక షెడ్డులో పడున్నాయి. అన్నీ ఒకే సైజు, ఒకే బరువు, ఇటుకల్లా పేర్చుకోవచ్చు. మా వైపు మనిషికి బెల్లం దిమ్మ బరువు చెప్పడానికి తక్కెడ అక్కర్లేదు, చంకలో పెట్టుకుంటే చాలు. ఇంతకంటే సుళువేముందని ఆయన ధీమా. అది కరుగుతుంది కదండీ అన్నాను. ప్లాస్టిక్ కవరు చుట్టిస్తాలే అన్నాడు.

పొద్దున్న అల దివ్యంగా లేచింది. పిల్లలు కేరింతలు కొట్టారు. మధ్యాహ్నానికి అల చిన్నదైపోయింది. స్పీడు పెంచాను, తగ్గించాను, ఇంజను చూశాను, నీళ్లలో తిరిగే ఫ్యాను చూశాను. సాయంత్రానికి అల ఉందో లేదో తెలియడం లేదు. అడుగు పలక ఎత్తి చూద్దును కదా, దిమ్మల్లో సగం లేవు. కవర్లు చిరిగి బెల్లం పానకమైపోయింది, పంపు ఆ పానకాన్ని బుద్ధిగా రిజర్వాయరులోకి పోసేస్తోంది. మర్నాటికి చుట్టుపక్కల మండలాల్లోని చీమలన్నీ బోటులోకి కాపురానికొచ్చాయి. గట్టు మీద టీ కొట్టువాడు, ఏటి బాబూ, మీ బోటులో పానకం ఇంకా ఉందేటి, శ్రీరామనవమికి పట్టుకెళ్దుము అని నన్ను చాలాకాలం ఏడిపించాడు.

ఓనరు మంచివాడే. తప్పని తెలిశాక పంతానికి పోలేదు, నీటి సంచులు తెప్పించాడు. మందపాటి రబ్బరు గుడ్డతో కుట్టిన పెద్ద సంచులవి. బోటు నీళ్లలోకి దిగాక పంపుతో రిజర్వాయరు నీళ్లే వాటిలోకి ఎక్కిస్తాం. పనైపోయాక ఆ నీళ్లు అక్కడే వదిలేస్తాం. అప్పుడు నేర్చుకున్నవి మీకూ పనికొస్తాయి, వినండి. బరువంతా వెనకే వేస్తే అల నిటారుగా లేస్తుంది, కానీ ముక్కు ఆకాశంలోకి లేచి డ్రైవరుకి ఎదర కనపడదు. ముందు కూడా కొంచెం వేస్తే అల పొడుగ్గా, నున్నగా వస్తుంది. సంచి నింపితే నిండా నింపండి. సగం సంచిలో నీళ్లు మలుపులో ఒక పక్కకి దొర్లి బోటుని ఒరగదీస్తాయి. సగమే చాలనుకుంటే మిగతా సగం మడిచి తాడుతో బిగించి కట్టండి. ఎంతమందిని ఎక్కించవచ్చో బోటు మీద రాసి ఉంటుంది, సంచి బరువు కూడా ఆ లెక్కలోదే. డ్రైవరు కుడి పక్క కూర్చుంటాడు కాబట్టి ఎడమ పక్క ఎప్పుడూ కొంచెం ఎక్కువ కావాలి. అల పెద్దది కాకపోయినా ఫర్వాలేదు, వంకర ఉండకూడదు. వంకర అల మీంచి ఎగిరినవాళ్లు వంకరగానే పడతారు.

బరువు అడగడం

ఇంకో సంగతి ఏ ట్రైనింగులోనూ చెప్పరు. బోటు తిన్నగా ఉండాలంటే మనుషుల బరువు తెలియాలి. బరువెంతండీ అని అడిగితే మనిషి ముఖం మారిపోతుంది. ఆడవాళ్లయితే మరీను. నాతో పనిచేసిన కొందరు డ్రైవర్లు, ఆంటీ మీరు మధ్యలో కూర్చోండి, లేపోతే అందరం మునిగిపోతాం అని హాస్యాలాడేవారు. బోటంతా గొల్లుమని నవ్వేది. ఆవిడా నవ్వేది, కానీ ఇంకెప్పుడూ బోటెక్కేది కాదు. అలా హాస్యమాడే డ్రైవరు ఎంత బాగా నడిపినా నా దృష్టిలో పనికిమాలినవాడే. నేను ఎప్పుడూ ఎవర్నీ బరువు అడగలేదు. మనిషి కాలు పెట్టినప్పుడు బోటు ఎంత దిగిందో చూసుకునేవాణ్ణి. ఈ సీటులో గాలి బాగా వస్తుందమ్మా, ఇటు రండి అనేవాణ్ణి.

లావు మనుషులకి సరిపోయే లైఫ్ జాకెట్లు కొనమని ఓనరుతో పోట్లాడి కొనిపించాను. నా సర్వీసులో నేను పడిన పోట్లాటల్లో నాకు తృప్తినిచ్చింది అదే.

నీలమ్మ

గట్టు మీద నీలమ్మ బజ్జీల బండి ఉండేది. ఆవిడ మొగుడు అదే రిజర్వాయరులో వల వేసుకుని బతికేవాడు. ఒక వానాకాలం తెప్ప బోల్తాపడి పోయాడు. అప్పటికి వాళ్ల కూతురు కుమారి చిన్నపిల్ల. కొన్నాళ్లకి మా బోటింగు పాయింటు వచ్చింది, జనం రావడం మొదలెట్టారు, బతకాలి కాబట్టి నీలమ్మ అక్కడే బండి పెట్టింది. భారీ మనిషి. పొయ్యి ముందు కూర్చుంటే సాయంత్రం దాకా లేచేది కాదు. బోటు వంక చూసేదే కాదు. ఒకసారి ఊరికే ఒక రౌండు తిప్పుతాను రా చెల్లెమ్మా అన్నందుకు నాతో చాలారోజులు మాట్లాడలేదు.

కుమారి పెద్దదయ్యాక మా దగ్గరే లైఫ్ జాకెట్లు ఉతికి ఆరేసే పనిలో చేరింది. ఒకరోజు సరదాకి పలక ఎక్కింది. ఇక దిగలేదు. కొందరికి నీళ్ల మీద నిలబడడం ఎవరూ నేర్పనక్కర్లేదు, ఆ గుంట, అదే ఆ పిల్ల, అలాంటిది. పట్నం నుంచి పిల్లల్ని తీసుకొచ్చే కోచ్ మేడం దీన్ని చూసి, వేరే రాష్ట్రంలో ఏడాది పొడుగునా శిక్షణ ఇచ్చే చోటుంది, తిండీ బసా వాళ్లే చూస్తారు, ఒకసారి సరైన అల మీద చూసి అక్కడికి చెప్తాను అంది. కుమారి ఎగిరి గంతేసింది. నీలమ్మ ససేమిరా అంది.

ఎందుకని నేనడగలేదు. నాకు తెలుసు. కానీ కుమారి ఊరుకోలేదు. తల్లీకూతుళ్లు రోజూ దెబ్బలాట. ఆఖరికి కుమారే దిగొచ్చింది. మేడం వచ్చిన రోజున ఒక్కసారి మంచి అల మీద ఆడతాను, ఆ తర్వాత నువ్వు వద్దంటే పలక ముట్టుకోను అని తల్లికి మాటిచ్చింది. నీలమ్మ సరేనంది, వద్దంటానని ఆవిడకి తెలుసు కాబట్టి. ఆ పిల్లకీ తెలుసు. ఆ రోజు పొద్దున్న నాతో, "మావయ్యా, ఇదే ఆఖరి పాలి కదా, మంచి అల సెయ్యవా" అంది.

ఆ రోజు

నేను పెందరాళే వెళ్లి సంచులు నింపడం మొదలెట్టాను. వెనక కుడి సంచి నిండింది. ఎడమ సంచి నిండుతూ నిండుతూ కుట్టు దగ్గర విచ్చుకుపోయింది. నీళ్లన్నీ బోటులోకి. ఇంకో సంచి లేదు. చెరుకు నరికే రోజులు, జనమంతా తోటల్లో ఉన్నారు. బోటింగుకి ఒక్క మనిషి రాలేదు. నీళ్ల టిన్నులు పెడదామంటే మలుపులో దొర్లుతాయి. ఓనరు ఊళ్లో లేడు. మేడం వచ్చేసింది, సాయంత్రం బస్సుకి వెళ్లిపోవాలంది, మళ్లీ ఈ వైపు ఎప్పుడొస్తుందో తెలియదంది.

ఆవిడా నేనూ ఆలోచించాం. కుడి సంచిలో చాలా మటుకు వదిలేసి, మిగిలింది మడిచి బిగించి కడితే అల చిన్నదైనా తిన్నగా వస్తుంది. కానీ ఎడమ పక్క వెనక మూల ఒక మనిషి కావాలి. మేడం బక్కపల్చటి మనిషి, ఆవిడ సరిపోదు. ఇద్దరం గట్టు వైపు చూశాం.

నేనే వెళ్లాను. నీలమ్మ శనగపిండి కలుపుతోంది. సంచి చిరిగిందని చెప్పాను. అయితే మానేయండి అంది, తల ఎత్తకుండా. మానేస్తే గుంటకి ఆ ఒక్కటీ కూడా దక్కదు చెల్లెమ్మా అన్నాను. ఎడమ పక్కకి గట్టి మనిషి కావాలన్నాను. అప్పుడు తలెత్తింది.

"నా ఒళ్లు సూసే కదా అడుగుతన్నావు అన్నియ్యా?"

ఇన్నేళ్లూ ఎవరితోనూ ఆ మాట అనకుండా తప్పించుకున్నవాణ్ణి. గాలి బాగా వస్తుందమ్మా అని ఈవిడకి చెప్పలేను.

"అవునమ్మా. నీ ఒళ్లు సూసే."

తిడుతుందనుకున్నాను. నీలమ్మ పొయ్యి ఆర్పేసి చేతులు కడుక్కుంది.

ఒడ్డున నిలబడి లైఫ్ జాకెట్టు నేనే బిగించాను. బెల్టు సరిగ్గా సరిపోయింది. అప్పుడు ఆవిడతో ఒక మాట చెప్పవలసి వచ్చింది, అది చెప్పడానికి నాకు నోరు రాలేదు. అయినా చెప్పాను. ఏం జరిగినా సీటులోంచి లేవకూడదు, ఒక పక్కకి వంగకూడదు. బరువున్న బోటు, ఒకరు లేచి పరిగెత్తితే ఒరిగి నీళ్లు ఎక్కేస్తాయి.

"గుంట పడిపోతే?" అంది.

"పడుద్ది. పడకుండా ఎవురూ ఆడలేరు."

"పడితే నాను సూస్తా కూకోవాలా?"

"కూకోవాలి. నువ్వు లెగిస్తే నాను దాని దగ్గరకి రాలేను."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని బోటులో కాలు పెట్టింది. ఎడమ మూల వెనక్కి తిరిగి ఉన్న సీటులో కూర్చోబెట్టాను. బోటు కొంచెం దిగి, తిన్నగా నిలబడింది. మేడం ముందు ఎడమ పక్క సర్దుకుంది. కుమారి అప్పటికే లైఫ్ జాకెట్టు వేసుకుని, నీళ్లలో పలక బిగించుకుని తాడు పట్టుకుని ఉంది. బోటులో తల్లిని చూసి నోరు తెరుచుకుని ఉండిపోయింది.

బయల్దేరాం. కుమారి లేచింది. నేను ఎదర చూస్తూ, మధ్యమధ్య అద్దంలో వెనక చూస్తున్నాను. అల పెద్దది కాదు కానీ గోడ కట్టినట్టు తిన్నగా వచ్చింది. కుమారి ఇటు నుంచి అటు దాటింది, అటు నుంచి ఇటు వచ్చింది. మొదటిసారి ఎగిరి మెత్తగా దిగింది. మేడం భేష్ అంది. నీలమ్మ రెండు చేతులతో సీటు అంచు పట్టుకుని, రెప్ప వెయ్యకుండా చూస్తోంది. మొగుడు పోయాక ఆవిడ అంతసేపు నీళ్ల వంక చూడడం అదే మొదలు.

తర్వాత ఎగిరినప్పుడు పలక అంచు నీళ్లలో దిగబడింది. కుమారి బోర్లా పడింది. ఆ దెబ్బ చప్పుడు మాకు వినిపించింది. నీళ్లు మూసుకున్నాయి.

ఇక్కడ కొత్త డ్రైవర్లు గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. బరువున్న బోటుని టక్కున ఆపకూడదు. ఆపితే మనం లేపిన అలే వెనక నుంచి వచ్చి బోటులో పడుతుంది. మెల్లగా తగ్గించాలి, మెల్లగా తిప్పాలి, అప్పుడు పడిన మనిషి దగ్గరకి రావాలి. ఎన్నో వందలసార్లు చేసిన పనే. కానీ ఆ రోజు నా వెనక ఒక తల్లి కూర్చుని ఉంది, ఆవిడకి ఈ సంగతులేవీ తెలియవు. కూతురు ఆ నీళ్లలో మునిగింది, బోటు దాని నుంచి దూరంగా పోతోంది. ఆవిడకి కనపడుతున్నది అంతే.

ఆవిడ లేస్తుందనే అనుకున్నాను. లేచినా నేను తప్పు పట్టను. నా కూతురయితే నేను ఉండలేను, దేవుడి మీద ఒట్టు. తల తిప్పి చూశాను. నీలమ్మ కదల్లేదు. సీటు అంచుని పట్టుకున్న వేళ్లు తెల్లగా పాలిపోయాయి. తల్లీ, తల్లీ, తల్లీ అని పైకే అంటోంది. కానీ కూర్చోబెట్టిన చోటే కూర్చుంది. ఇన్నేళ్లలో నా బోటులో ఎంతోమంది ధైర్యవంతుల్ని చూశాను, ఇంత ధైర్యం చూడలేదు.

కుమారి తల తేలింది. చెయ్యి పైకెత్తింది.

"పిలుస్తంది, అన్నియ్యా, పిలుస్తంది" అంది నీలమ్మ.

"పిలవడం కాదమ్మా. బాగానే ఉన్నానని సెప్తంది. అది మా సైగ."

నీలమ్మ ఒక చెయ్యి సీటు మీంచి తీసింది. ఆ చెయ్యి మెల్లగా పైకెత్తింది. అలాగే ఎత్తి ఉంచింది, నేను బోటు తిప్పుకుని పిల్ల దగ్గరకి వచ్చేదాకా.

ఇంజను ఆపాను. కుమారి దగ్గుతోంది, బుగ్గ ఒకటి ఎర్రగా కందిపోయింది. తల్లి ముఖం చూసి దానికి ఏడుపొచ్చింది. "సాలమ్మా. ఎక్కేస్తాను. ఇంటికెళ్లిపోదాం" అంది. నిజంగానే అంది. పలక విప్పడానికి చెయ్యి పెట్టింది కూడా.

నీలమ్మ మేడం వైపు తల తిప్పి, "అమ్మా, ఆ ఊళ్లో బోటు తోలేవోడు కూడా ఇలగే, పడితే ఎనక్కొచ్చేస్తాడా?" అని అడిగింది.

వస్తాడమ్మా, ప్రతిసారీ వస్తాడు, మొదట్లో నేనూ పక్కనే ఉంటాను అంది మేడం.

నీలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత నీళ్లలో ఉన్న పిల్ల వంక చూసింది.

"ఎక్కేయడమేటే? ఆ పలక ఇప్పీకు. ఇంకో పాలి లెగు, నాను సూస్తాను. నాను ఇక్కడే కూకుంటాను."

నా కళ్లకి నీళ్లు అడ్డం పడి, కాసేపు ఏమీ కనపడలేదు. తాడు పిడి కుమారి చేతికి అందించాను. అది పట్టుకుని, మోకాళ్లు ముడుచుకుని, సై అని తల ఊపింది. నేను ఇంజను స్టార్టు చేసి మెల్లగా స్పీడు పెంచాను. బోటు ఏ పక్కకీ ఒరగకుండా కదిలింది.